ఫైలు మార్చడం గుమాస్తాపని కాదు

ఈ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో నలుగురం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఆయన ఇరవయ్యేళ్ళకు పైగా డాక్యుమెంటరీలు తీస్తున్న మనిషి, నాకంటే పెద్దవాడు, నేను గౌరవించే మనిషి. మాటల మధ్యలో ఆయన ఇలా అన్నాడు: "చిత్రం తీయడం కళ. కూర్చడం కళ. ఆ తరవాత చానలు వాళ్ళడిగిన రూపంలోకి ఫైలు మార్చడం గుమాస్తాపని. ఎవడో కుర్రాడు మీట నొక్కుతాడు, అయిపోతుంది. వాళ్ళ స్పెసిఫికేషన్ల పత్రం మీద తల బద్దలు కొట్టుకోవడం దండగ."

అక్కడున్న వాళ్ళందరూ తలలూపారు. నేను ఊపలేదు, అలాగని నోరు విప్పనూ లేదు. ఒకరింట్లో అతిథిగా వెళ్ళి భోజనానికి ముందు గొడవ పెట్టుకోవడం మర్యాద కాదు. ఇది నా ఇల్లు గనక ఇక్కడ పెట్టుకుంటాను.

ఆ మాట తప్పు. తప్పు మాత్రమే కాదు, నష్టం చేసే తప్పు. ఎంత నష్టమో నాకు తెలుసు, ఎందుకంటే ఆ నష్టం ఒకసారి నా చేతుల మీదుగానే జరిగింది.

*

2006 శీతాకాలంలో నేనూ ఇంకో మిత్రుడూ అనంతపురం జిల్లాలో, ధర్మవరానికి దాపునున్న ఒక పల్లెలో, ఒక రాత్రి తోలుబొమ్మలాట చిత్రీకరించాం. అరువు తెచ్చుకున్న మినీడీవీ కెమెరా, గంట నిడివి గల టేపులు నాలుగు, మా దగ్గరున్న సరంజామా అంతే. ఆడినవాడు డెబ్భై దాటిన పెద్దాయన. సుందరకాండ ఆడాడు. తెల్లవార్లూ సాగిన ఆటలో మేము పట్టగలిగింది నాలుగు గంటలు. డీవీ టేపు మీద గంటకు సుమారు 13 గిగాబైట్ల సమాచారం ఉంటుంది. ఆ లెక్కన ఆ పెద్దాయన ఆట మొత్తం 52 గిగాబైట్లు. ఇవాళ జేబులో పెట్టుకునే పెన్‌డ్రైవులో పడుతుంది.

ఎనిమిదేళ్ళ తరవాత, 2014లో, ఒక చానలు తెల్లవారుజామున వేసే సాంస్కృతిక కార్యక్రమానికి అందులోంచి అరగంట అడిగింది. మేము పొంగిపోయాం. టేపులు తీసుకెళ్ళి, పెళ్ళి వీడియోలు కూర్చే ఒక స్టూడియోలో ఇచ్చాం. అక్కడి కుర్రాడు చురుకైనవాడే. టేపుల్లోంచి కంప్యూటరులోకి ఎక్కించాడు, అరగంటకు కత్తిరించాడు, హెచ్‌డీ అని రాసి ఉన్న మీట నొక్కాడు. చానలు నుంచి ఫైలు తిరిగివచ్చింది, ఒక్క వాక్యంతో: ప్రమాణాలకు లోబడి లేదు గనక తిరస్కరించడమైనది. కుర్రాడు ఇంకో మీట నొక్కాడు. మళ్ళీ తిరిగివచ్చింది. ఇంకో మీట. ప్రతిసారీ అతను మార్చింది టేపులోని మూలాన్ని కాదు, అంతకుముందు తాను మార్చిన ఫైలునే. నాలుగోసారికి చానలు యంత్రం సరేనంది.

నేను ఆ నాలుగు సార్లూ పక్కనే ఉన్నాను. ఏం జరుగుతోందో అడగలేదు. గుమాస్తాపని కదా అనుకున్నాను.

ప్రసారమైన రోజు మేము ఆ పల్లెకు వెళ్ళి పెద్దాయన ఇంట్లోనే కూర్చుని చూశాం. బొమ్మలన్నీ అడ్డంగా సాగి, పొట్టిగా, లావుగా ఉన్నాయి. మద్దెల ఎక్కడో గోడ అవతల వాయిస్తున్నట్టు ఉంది. పెద్దాయన చాలాసేపు మాట్లాడకుండా చూశాడు. హనుమంతుడు లంక మీద తోక ఆడిస్తూ ఎగిరే చోట నా వైపు తిరిగి అడిగాడు: "ఏం సామీ, నా ఆంజనేయునికి నాలుగు చేతులు యాడనుంచి వచ్చినాయి? నేను కోసింది రెండే గదా."

నాకు జవాబు తెలియలేదు. తెలుసుకునేసరికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఆయన పోయాడు. టేపుల కోసం స్టూడియోకు పోతే, వాటి మీద ఎవరివో పెళ్ళిళ్ళు ఎక్కించామని చెప్పారు. "హార్డ్‌డిస్కులో ఉంది కదన్నా" అన్నాడు కుర్రాడు. హార్డ్‌డిస్కులో ఉన్నది ఆ నాలుగో ఫైలు, నాలుగు చేతుల హనుమంతుడు.

*

ఆ రెండు చేతులూ ఎక్కడ నుంచి వచ్చాయో చెబుతాను. ఇది తెలిసిన సాంకేతికులకు అక్షరాభ్యాసం లాంటి విషయం. తెలియని కళాకారులు మాత్రం దీన్ని గుమాస్తాపని అంటారు.

మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేములో రెండు ఫీల్డులు. ఒక ఫీల్డులో ఒకటి విడిచి ఒకటిగా సగం గీతలు, రెండో దానిలో మిగిలిన సగం. ఈ రెండు ఫీల్డులూ ఒకే క్షణంలో తీసినవి కావు, వాటి మధ్య సెకనులో 50వ వంతు ఎడం ఉంటుంది. అంటే ఒక ఫ్రేము అనుకున్నది నిజానికి రెండు వేర్వేరు క్షణాలు, దువ్వెన పళ్ళలా ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టినవి. హనుమంతుడి చెయ్యి మొదటి క్షణంలో ఒక చోట, రెండో క్షణంలో ఇంకో చోట ఉంటుంది.

మా టేపులో చిత్రం 720 అడ్డం, 576 నిలువు. చానలు అడిగింది 1920 అడ్డం, 1080 నిలువు. సాగదీయాలి. సాగదీసే ముందు ఆ రెండు క్షణాలనూ విడదీయాలి. 50 ఫీల్డులను 50 పూర్తి చిత్రాలుగా చేసుకుని, ఒక్కొక్కదాన్నీ పెంచి, ఆ తరవాత మళ్ళీ గీతలు ఏరి ఫీల్డులుగా అల్లాలి. ఇదీ పద్ధతి. అలా కాకుండా దువ్వెనను దువ్వెనలాగే పట్టుకుని సాగదీస్తే పళ్ళు కలిసిపోతాయి. రెండు క్షణాలూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే చిత్రమవుతాయి. రెండు చేతులు నాలుగవుతాయి. కలిసిపోయిన తరవాత విడదీయడం ఎవరి తరమూ కాదు. పాలూ నీళ్ళూ వేరు చేసే హంస మన కావ్యాల్లో ఉంది గాని ఎడిటింగు గదుల్లో లేదు.

ఫీల్డుల వరస ఇంకో ముచ్చట. మినీడీవీ కెమెరా కింది ఫీల్డును ముందు ఇస్తుంది. హెచ్‌డీ ప్రసారం పై ఫీల్డును ముందు అడుగుతుంది. ఆ వరస చూసుకోకుండా తిరగేస్తే ప్రతి కదలికా మూడడుగులు ముందుకు వేసి ఒక అడుగు వెనక్కి వేస్తుంది. కంప్యూటరు తెర మీద ఇది తరచు కనబడదు, ఎందుకంటే చూపించే సాఫ్ట్‌వేరు ఫీల్డులను కలిపేసి చూపిస్తుంది. టీవీ మీద మాత్రం చూసేవాడికి తల తిరుగుతుంది. "మా దగ్గర బాగానే వచ్చిందండీ" అనే మాట ఇక్కడే పుట్టింది.

ఇక లావైన బొమ్మల సంగతి. మూలం 4:3, తెర 16:9. న్యాయంగా చేయవలసింది 1080 ఎత్తుకు 1440 వెడల్పు ఇచ్చి, అటు 240, ఇటు 240 పిక్సెళ్ళు నల్లగా వదలడం. నల్లపట్టీలు చూస్తే కొందరికి నామోషీ. తెర నిండాలంటారు. నింపడానికి రెండే దారులు. అడ్డంగా సాగదీస్తే మనిషి మూడో వంతు లావవుతాడు. పైనా కిందా కోస్తే చిత్రంలో నాలుగో వంతు పోతుంది. నాట్యం చేసేవాళ్ళయితే పాదాలు పోతాయి. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావుగారు తెర నిండటానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. 1957లోనే ఆయన నిండుగా ఉన్నాడు. ఆయన్ని ఇంకా సాగదీసి చూపించిన ప్రసారాలు నా కళ్ళతో చూశాను.

*

"ఇన్ని నియమాలు ఎందుకు? అంతా చాదస్తం" అనేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. ఇది చదివే మీలో చాలామంది తెలుగును యూనికోడులో రాయడానికి పడిన పాట్లు ఎరిగినవారే. అప్పట్లో పత్రికకో ఫాంటు. ఒకరి అక్షరాలు ఇంకొకరి కంప్యూటరులో పిచ్చిగీతలు. వెతికితే దొరకవు, అతికిస్తే నిలవవు. 1991 నాటి మొదటి యూనికోడు ప్రమాణంలోనే తెలుగు ఉన్నా, దాన్ని వాడుకలోకి తేవడానికి పదిహేనేళ్ళకు పైగా పట్టింది. ఆ ఫాంట్ల అడవిలోంచి యూనికోడులోకి పాఠాన్ని మార్చే పరికరాలు మిత్రులు రాశారు, పైసా తీసుకోకుండా. ఆ మార్పిడిలో ఒక వత్తు పోతే, ఒక అరసున్న ఎగిరిపోతే మనం ఎంత గోల చేశాం! "ఏదో ఒకటి కనబడుతోంది కదా" అని ఎవరైనా అంటే ఊరుకున్నామా?

అప్పుడు మనం చెప్పిన మాట ఒకటే: ప్రమాణం సంకెల కాదు. అది రాసినవాడికీ చదివేవాడికీ మధ్య ఒప్పందం. నేను పంపింది నీకు నేను పంపినట్టే చేరుతుందన్న హామీ.

అక్షరానికి ఒప్పుకున్న న్యాయాన్ని బొమ్మకు ఎందుకు ఒప్పుకోము?

స్పెసిఫికేషన్ల పత్రంలో ఒక్కొక్క వాక్యం వెనకా ఒక కారణం ఉంది. కొన్నింటి వెనక దెబ్బలున్నాయి. 1997 డిసెంబరు 16న జపానులో పోకెమాన్ అనే పిల్లల కార్టూనులో ఒక సన్నివేశంలో ఎరుపూ నీలమూ రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మార్చి మార్చి మెరిశాయి. ఆ సాయంత్రం 685 మందిని ఆసుపత్రులకు తరలించారు, ఎక్కువమంది పిల్లలు. మెరుపుల పరీక్ష జరిపి పంపండి అని ఇవాళ అనేక ప్రసారసంస్థలు అడగడం వెనక ఇలాంటి చరిత్ర ఉంది. ఆ పంక్తి చూసి "ఇదేం చాదస్తం" అన్నవాణ్ణి నేనెరుగుదును. మన పాటల్లో సెకనుకు ఎన్ని మెరుపులు కోస్తామో అతనికీ తెలుసు.

శబ్దం సంగతి చూడండి. సీరియల్లో నాయిక గుసగుసగా ఏడుస్తుంటుంది. మధ్యలో సబ్బు ప్రకటన వచ్చి ఇల్లు అదిరిపోతుంది. వంటింట్లోంచి అమ్మ "ఆ మోత తగ్గించరా" అని కేకేస్తుంది. ఇది ప్రపంచమంతటా ఉన్న బాధే. మన దేశపు 1994 కేబుల్ టెలివిజన్ నియమాల్లోని ప్రకటనల నియమావళి కూడా ప్రకటన మోత మితిమీరకూడదనే చెప్పింది. కాని మితి అంటే ఎంత? ఒకప్పుడు శబ్దాన్ని దాని శిఖరంతో కొలిచేవారు. శిఖరం దాటకుండా మొత్తం పీఠభూమిని శిఖరం దాకా ఎత్తే విద్య ప్రకటనలవాళ్ళు నేర్చారు. 2006లో అంతర్జాతీయ టెలీకమ్యూనికేషన్ సంఘం చెవికి వినబడే తీరును బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించింది. 2010లో ఐరోపా ప్రసారసంస్థల సంఘం దాని ఆధారంగానే ఆర్128 అనే సిఫారసు చేసింది: కార్యక్రమం సగటు బిగ్గరతనం −23 ఎల్‌యూఎఫ్‌ఎస్ ఉండాలని. అమెరికాలో −24 ప్రమాణంగా పెట్టుకుని, ప్రకటనల మోత మీద 2010లో చట్టమే చేశారు, 2012 డిసెంబరు నుంచి అమలు.

దీన్ని సరిగా అర్థం చేసుకుంటే ఇది సంగీతానికి వరం. సగటు కుదిరితే చాలు, ఆ సగటు చుట్టూ మద్దెల లేవచ్చు, గొంతు దిగవచ్చు. మద్దెల దెబ్బకూ, సీత దుఃఖంలో గొంతు సన్నగిల్లిన చోటుకూ మధ్య ఉన్న ఎడమే ఆ ఆటకు ప్రాణం. పత్రం ఆ ఎడాన్ని కాపాడుతోంది. చంపింది మా కుర్రాడు నొక్కిన మీట. శబ్దం చాలలేదని తిరిగి వచ్చినప్పుడు అతను మొత్తం శబ్దాన్ని ఒకే మట్టానికి చదును చేశాడు. మద్దెల, తాళాలు, గజ్జెలు, గొంతు అన్నీ ఒకే ఎత్తున. అంకె కుదిరింది, ఆట చచ్చిపోయింది.

వెలుగుకూ ఇదే కథ. ప్రసారంలో 8 బిట్ల లెక్కలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటరు చిత్రాలకు సాధారణంగా నలుపు 0, తెలుపు 255. ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడితే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, లేదా చీకట్లూ వెలుగులూ రెండు కొసలా తెగిపోతాయి. రంగుల లెక్క కూడా పాత చిత్రానికొకటి, హెచ్‌డీకి ఒకటి. మార్చకుండా పంపితే ఎరుపులూ ఆకుపచ్చలూ కొద్దిగా జరుగుతాయి. తోలుబొమ్మ అంటేనే పలచని తోలు మీద రంగు, దాని వెనక దీపం. ఆ దీపం వెలుగు తెగిపోతే మిగిలేది తోలు మాత్రమే.

*

విదేశాల్లో ఉన్న మిత్రులకు ఇంకో సంగతి. అమెరికాలో మీ పిల్లల కూచిపూడి అరంగేట్రం అక్కడి కెమెరా సాధారణంగా సెకనుకు 29.97 ఫ్రేముల లెక్కన తీస్తుంది. దాన్ని ఇక్కడి చానలుకు పంపాలంటే 25 చేయాలి. మీట నొక్కితే అది చేసే పని చాలా సులువు: దాదాపు ఆరింట ఒక ఫ్రేమును పారేస్తుంది. ఏ ఫ్రేము పోతుందో దానికి పట్టదు. పదేళ్ళు కష్టపడి నేర్చిన పిల్ల జతి ముగించి పాదం నేలకు తాకించిన ఫ్రేమే పోవచ్చు. తాళం ఉంటుంది, అడుగు ఉండదు. లేదా పక్కపక్క ఫ్రేములను కలిపి నీడలు పుట్టిస్తుంది. కదలికను లెక్కగట్టి కొత్త ఫ్రేములు అల్లే మేలైన పద్ధతులున్నాయి. వాటికి సమయం పడుతుంది, చూసి దిద్దే మనిషి కావాలి.

పాత సినిమాల మాటా అంతే. ఫిల్ము నడిచేది సెకనుకు 24 ఫ్రేములు. పాల్ దేశాల్లో టీవీ కోసం దాన్ని 25గా పరుగెత్తించడం పాత అలవాటు. మూడు గంటల చిత్రం 7 నిమిషాలు కురచవుతుంది. అది సరే, శ్రుతి దిద్దకుండా వదిలితే పాట మొత్తం పైకి లేస్తుంది. ఒక స్వరస్థానానికీ దాని పక్కదానికీ మధ్యనున్న దూరంలో ఏడు పదోవంతులు. ఘంటసాలగారు పాడిన శ్రుతి ఒకటి, అలా వినేది ఇంకొకటి. టీవీలో విని హార్మోనియం మీద స్వరాలు పట్టుకోబోయి, రెండు మెట్ల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళకు కారణం ఇదే కావచ్చు.

*

ఇంతవరకు మనవాళ్ళను తిట్టాను. ఇక చానళ్ళ వంతు. పత్రం పవిత్రమని నేననడం లేదు.

మాయాబజార్‌లో ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారి లక్ష్మణకుమారుడికి చుక్కలు చూపిస్తాడు. పైరూపం శశిరేఖది, లోపల రాక్షసుడు. ఫైళ్ళలో ఈ మాయ నిత్యం జరుగుతుంది. ఎమ్మెక్సెఫ్ అనీ ఎమ్‌ఓవీ అనీ మనం పిలిచేవి పేటికలు మాత్రమే. లోపల చిత్రాన్ని ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే విషయం. పేటిక మార్చినంత మాత్రాన లోపలిది మారదు. 1920×1080 అని పైన రాసినంత మాత్రాన లోపల అంత వివరం ఉండదు. మా ఫైలు పైన అన్నీ సరిగా రాసి ఉన్నాయి: 25 ఫ్రేములు, పై ఫీల్డు ముందు, సెకనుకు 50 మెగాబిట్లు, −23. చానలు యంత్రం ఆ రాత చదివింది, ఆ అంకెలు కొలిచింది, పచ్చజెండా ఊపింది. హనుమంతుడి చేతులు లెక్కపెట్టే బాధ్యత ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

ఇదే నా ఫిర్యాదు. ప్రమాణం పెట్టినవాడు దాని కారణం కూడా చెప్పాలి. "తిరస్కరించడమైనది" అనే ఒక్క వాక్యం శిక్షే గాని బోధ కాదు. ఏ నిమిషంలో, ఏ పంక్తి ప్రకారం, ఏం తప్పో రాయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు వెచ్చించి ఉంటే మా కుర్రాడు మొదటిసారే టేపు దగ్గరకు వెళ్ళేవాడు. మాకు వచ్చిన పత్రం ఆంగ్లంలో ఒక పేజీ, సంక్షేపాక్షరాల గుట్ట. పాత చిత్రాన్ని హెచ్‌డీలో ఎలా పంపాలో, నల్లపట్టీలు వదలవచ్చో లేదో అందులో లేదు. బ్రిటన్‌లో ప్రధాన చానళ్ళు కలిసి కూర్చుని ఒకే ఉమ్మడి పత్రం రాసుకున్నాయి, 2014 అక్టోబరు 1 నుంచి ఫైళ్ళ రూపంలోనే కార్యక్రమాలు తీసుకోవడం మొదలుపెట్టాయి. మన చానళ్ళు కూడా అలా ఒక చోట కూర్చుని, తెలుగులో, బొమ్మలతో, పల్లె స్టూడియో కుర్రాడికి అర్థమయ్యేలా ఒక పత్రం ఎందుకు రాయకూడదు? తెలుగు అమ్ముకుని బతికే సంస్థలకు తెలుగులో నియమం రాయడం అంత భారమా?

అసలు దోషం కుర్రాడిది కాదని కూడా చెప్పాలి. అతనికి మేము ఇచ్చింది 800 రూపాయలు. కెమెరా పట్టినవాడికి పేరు వేశాం, కూర్చినవాడికి పేరు వేశాం, వ్యాఖ్యానం చదివినవాడికి పేరు వేశాం. అతని పేరు వేయలేదు. గుమాస్తా అని పిలిచి, గుమాస్తా కూలి ఇచ్చి, లేఖకుడి శ్రద్ధ ఆశించడం అన్యాయం.

*

లేఖకుడు అన్నాను గనక ఆ పోలిక పూర్తి చేస్తాను. మన కావ్యాలు మనదాకా వచ్చింది కవుల వల్ల మాత్రమే కాదు, తాటాకుల మీద నకళ్ళు రాసినవాళ్ళ వల్ల. చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే మన్నించండి అని చివర దండం పెట్టుకున్నవాళ్ళ వల్ల. అజాగ్రత్తగా రాసినవాడి చేతిలో ఒక పాదం మాయమైంది, ఒక మాట ఇంకో మాటయింది. తరవాతివాడు ఆ తప్పునకలును చూసి ఇంకో నకలు రాశాడు. సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించగలిగాడంటే, పాత ప్రతులు ఎక్కడో ఒకచోట మిగిలి ఉండబట్టే. వాటి మీద ఎవరూ పెళ్ళి లెక్కలు రాసుకోలేదు.

ఫైలు మార్చేవాడు ఈ కాలపు లేఖకుడు. అతని ధర్మాలు నాలుగు. మూలాన్ని ముట్టుకోకుండా దాచడం. ఎన్నిసార్లు మార్చవలసి వచ్చినా ప్రతిసారీ మూలం నుంచే మార్చడం, నకలుకు నకలు తీయకపోవడం. మూలం స్వభావమేమిటో, అంటే ఎన్ని ఫ్రేములో, ఏ ఫీల్డు ముందో, ఏ నిష్పత్తో తెలుసుకున్నాకే చెయ్యి వేయడం. చివరగా, మార్చినదాన్ని టీవీ తెర మీద మొదటి నుంచి చివరి దాకా కళ్ళతో చూడటం, చెవులతో వినడం.

"దీనికి ఖరీదైన పరికరాలు కావాలి కదా" అంటారు. అక్కర్లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు 2000 నుంచీ ఉంది. ఫీల్డులు విడదీయడం, వరస మార్చడం, బిగ్గరతనం కొలవడం, పట్టీలు వదలడం అన్నీ చేస్తుంది. మా అరగంట ఆటను టేపు నుంచి సవ్యంగా మార్చడానికి ఇవాళ ఒక మామూలు కంప్యూటరు మీద నాకు ఒక పూట పడుతుంది. అందులో సాఫ్ట్‌వేరు పని గంటలోపే, మిగిలిందంతా చూడటం. "అంత తీరిక ఎవరికుంది" అనే మాట కూడా వింటాను. మూడుసార్లు తిరస్కరణకు గురవడానికి మాకు తీరిక ఉంది. మూడు వారాలు పట్టింది.

ఆ ఒక పూట నా దగ్గర ఇవాళ ఉంది, పద్ధతి తెలుసు, సాఫ్ట్‌వేరు ఉంది. టేపులు లేవు.

అందుకే మీకు చెబుతున్నాను. మీ ఇంట్లో అటక మీద, బీరువా అడుగున, అమ్మమ్మ పాడిన మంగళహారతులో, ఊరి వీధినాటకమో పట్టిన టేపులు ఉండే ఉంటాయి. వాటిని చదివే కెమెరాలు రోజురోజుకూ అరుదవుతున్నాయి. అరువైనా తెచ్చి, టేపులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా, ఏ మార్పూ లేకుండా ముందు దింపుకోండి. రెండు చోట్ల దాచండి. ఆ తరవాత ఏ చానలు ఏ రూపంలో అడిగినా ఇవ్వవచ్చు. ఎవరైనా "ఇదంతా గుమాస్తాపని" అంటే, మా హార్డ్‌డిస్కులో ఉన్న ఫైలు చూపిస్తాను, రమ్మనండి. అన్ని ప్రమాణాలకూ లోబడి ఉంది. హనుమంతుడికి నాలుగు చేతులున్నాయి, ఆయన కోసింది రెండే.